తన్ను వెనుక శాస్త్రం

— తృతీయ బి.ఎస్సీ. (భౌతికశాస్త్రం) విద్యార్థి

“నాలుగేళ్ళబట్టీ తన్నడం నేర్చుకుంటున్నావు గదా, ఇంతవరకూ ఎవణ్ణీ తన్నిన దాఖలా లేదేమిరా?” అని హాస్టల్లో మిత్రులు నన్ను ఆటపట్టిస్తూ ఉంటారు. వాళ్ళకి నోటితో జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. ఈ ఏడు సంచికకు ఏదన్నా రాయమని విద్యార్థి సంఘం వారు అడగ్గానే, ఆ జవాబేదో కాగితం మీదే పెడదామని కూర్చున్నాను. తైక్వాండో అంటే ఏమిటి, పోటీని ఎలా చూడాలి, ఒక తన్నులో ఎంత భౌతికశాస్త్రం దాగి ఉంది, మొన్న 2025 ఫిబ్రవరిలో మా ఊరి బడి పిల్లలం విజయవాడలో జరిగిన ప్రాంతీయ పోటీలకు వెళ్ళి ఏం తెచ్చుకున్నాం, ఇవన్నీ చెప్పాలని నా కోరిక. పతకాలైతే పెద్దగా తేలేదు. ఆ సంగతి ముందే మనవి చేస్తున్నాను.

పేరు, పుట్టుక

తైక్వాండో కొరియా దేశపు విద్య. ఆ భాషలో ‘తై’ అంటే కాలితో చేసేది, ‘క్వాన్’ అంటే పిడికిలితో చేసేది, ‘దో’ అంటే మార్గం. కాలూ చెయ్యీ నడిచే దారి అన్నమాట. కొరియా 1910 నుంచి 1945 దాకా జపాను ఏలుబడిలో ఉంది. ఆ పాలన ముగిశాక సియోల్ నగరంలో ఒకదాని వెంట ఒకటి వ్యాయామశాలలు వెలిశాయి. వాటిని స్థాపించిన గురువుల్లో చాలామంది జపానులో కరాటే నేర్చినవారే. దానికి తమ దేశపు పాత కాలితన్నుల ఆటను జోడించుకుని, కొత్త దేశానికి తగ్గ కొత్త విద్యను తయారు చేసుకున్నారు. తైక్వాండో అనే పేరు 1955లో వచ్చింది. ఆ పేరు వెనుక ఉన్నవారిలో ముఖ్యుడు చోయ్ హోంగ్ హి అనే సైన్యాధికారి. 1973లో ప్రపంచ సమాఖ్య ఏర్పడి, ఆ ఏడే సియోల్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో దీన్ని ప్రదర్శన క్రీడగా చూపించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతకాల క్రీడ అయింది. మన దేశం నుంచి 2002 బూసాన్ ఆసియా క్రీడల్లో సురేంద్ర భండారి కాంస్యం గెలిచాడు.

పరాయి దేశపు విద్య మనకెందుకని కొందరు పెద్దలు అంటారు. కోడి రామమూర్తి నాయుడుగారు పుట్టిన గడ్డ మనది, కర్రసాము, తాలింఖానా మనకి కొత్తేం కాదు. నిజమే. కానీ మా ఊళ్ళో తాలింఖానా పేరు మా తాతయ్య నోటే విన్నాను గానీ, కంటితో చూడలేదు. కళ్ళెదుట ఉన్న గురువు దగ్గర నేర్చుకోవడమే న్యాయమనిపించింది.

మా కళ్ళం బడి

మా ఊరు గుంటూరుకి ఇరవై కిలోమీటర్లు. మాస్టారు పగలు మోటార్లు బాగుచేస్తారు, సాయంత్రం పిల్లలకి తన్నడం నేర్పుతారు. మా బడికి గోడలు లేవు, కప్పు లేదు. రామాలయం వెనక కళ్ళంలో టార్పాలిన్ పట్టాలు పరుచుకుంటే అదే బడి. జనవరి నెలాఖరుకి మిరపకాయలు కళ్ళానికొస్తాయి. అప్పుడు మేం స్కూలు వరండాలోకి మారాలి. మారేలోగా రెండు మూడు రోజులు కాయల పక్కనే సాధన చేస్తాం. గట్టిగా ఊపిరి పీల్చి అరవమంటారు మాస్టారు. పీలిస్తే తుమ్ములు, తుమ్మితే తిట్లు.

తెల్ల పట్టీతో మొదలుపెట్టి పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు దాటాక నలుపు వస్తుంది. ఒక్కో పట్టీకి ఒక్కో అడుగుల వరస ఉంటుంది. దాన్ని ‘పూమ్సే’ అంటారు. ఎదుట ఎవరూ లేకుండానే ఉన్నట్టు ఊహించుకుని అడ్డుకోవడం, గుద్దడం, తన్నడం ఒక క్రమంలో చేయాలి. మా అమ్మ మొదటిసారి చూసి, “ఒక్కడివే గాలితో కొట్లాడుతున్నావేమిరా!” అని నవ్వింది. నేను సెలవలకీ, శని ఆదివారాలకీ వెళ్ళి నేర్చుకుంటూ నీలం పట్టీ దాకా వచ్చాను. మా చిన్నాన్న కూతురు, పదహారేళ్ళది, నాకంటే రెండేళ్ళు ఆలస్యంగా చేరి ఎర్ర పట్టీకి పోయింది. ఈ వ్యాసంలో అసలు కథ దానిదే.

ఆటను ఎలా చూడాలి

తెలియనివాళ్ళకి తైక్వాండో పోటీ రెండు కోళ్ళు ఎగిరెగిరి తన్నుకున్నట్టు కనిపిస్తుంది. నాలుగు లెక్కలు తెలిస్తే చాలు, ఆట కళ్ళకి కడుతుంది. ఒకరిది నీలం కవచం, ఒకరిది ఎరుపు. కవచం మీద సరిగ్గా గుద్దితే 1 పాయింటు. కవచం మీద తన్నితే 2. తలమీద తన్నితే 3. వెనక్కి తిరిగి సుడి తిరుగుతూ కవచం మీద తన్నితే 4, అలాగే తలమీద తన్నితే 5. తలమీద గుద్దకూడదు. నడుం కింద తన్నకూడదు. పడిపోయినా, గీత దాటినా, పట్టుకుని లాగినా తప్పు. ఒక్కో తప్పుకి ఎదుటివాడికి 1 పాయింటు పోతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అనుసరించిన లెక్క ఇదే, మా పోటీల్లోనూ ఇదే. ఒలింపిక్స్‌లో రౌండు రెండు నిమిషాలు. మా దగ్గర ఒకటిన్నరే. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడు విజేత.

పెద్ద పోటీల్లో కవచంలోనూ, కాలి తొడుగులోనూ సెన్సర్లు ఉంటాయి. దెబ్బ ఒక మోతాదు దాటితేనే యంత్రం పాయింటు ఇస్తుంది. బరువు తరగతిని బట్టి ఆ మోతాదు మారుతుంది. ఈ యంత్రాలు ఊరికే రాలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ క్రీడాకారిణి సారా స్టీవెన్సన్ చివరి క్షణాల్లో చైనా ఛాంపియన్ చెన్ ఝోంగ్ తలమీద తన్నింది. జడ్జీలు అది చూడలేదు. ఓడినట్టు ప్రకటించాక, వీడియో చూసి తీర్పు తిరగరాయాల్సి వచ్చింది. స్టీవెన్సన్ చివరికి కాంస్యంతో ఇంటికి వెళ్ళింది. 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి ఎలక్ట్రానిక్ కవచాలు వచ్చేశాయి.

మాలాంటి చిన్న పోటీల్లో ఆ వైభోగం లేదు. మూడు మూలల్లో ముగ్గురు జడ్జీలు, చేతిలో మీటలు. కనీసం ఇద్దరు ఒకేసారి నొక్కితేనే పాయింటు. నా పోటీలో నేను తన్నిన ఒకే ఒక మంచి తన్ను ఎదుటివాడి చెంపని తాకింది. ఒక్క జడ్జీయే నొక్కాడట. రెండో ఆయనకి నా వీపు అడ్డం, మూడో ఆయనకి రిఫరీ అడ్డం. ఆ రాత్రంతా కోపంతో ఉడికిపోయాను. తర్వాత కాగితం మీద ఎనిమిది మీటర్ల బరి గీసి, ముగ్గురు జడ్జీల చూపు గీతలు గీసి చూశాను. ఇద్దరు ఆటగాళ్ళూ, ఒక రిఫరీ కదులుతున్న చోట ముగ్గురికీ ఎప్పుడూ అన్నీ కనపడవు. మనిషి తప్పు కాదది, కోణం తప్పు. అయినా ఆ మూడు పాయింట్ల మీద ఇంకా కొంచెం ఆశ ఉందనుకోండి!

కాలు కొరడా ఎలా అవుతుంది

కొత్తగా చేరినవాడు కాలిని కర్రలా బిగబట్టి ఎత్తుతాడు. మాస్టారు మొట్టమొదట మాన్పించేది అదే. మోకాలు మడిచి పైకెత్తు, నడుం తిప్పు, అప్పుడు కాలు విసురు అంటారు. ఎందుకో ఆయన చెప్పరు. నాకు మొదటి సంవత్సరంలో జడత్వ భ్రామకం పాఠం విన్నప్పుడు తెలిసింది.

ఇంట్లో గునపం ఉంటే ప్రయత్నించి చూడండి. మధ్యలో పట్టుకుని తిప్పితే సులువుగా తిరుగుతుంది. ఒక కొస పట్టుకుని తిప్పాలంటే చెయ్యి లాగేస్తుంది. బరువు అదే, కానీ ఇరుసుకి దూరంగా ఉన్న బరువు తిరగడానికి మొరాయిస్తుంది. మోకాలు మడిస్తే పాదం బరువు తుంటికి దగ్గరవుతుంది. అదే బలంతో కాలు త్వరగా తిరుగుతుంది. గురికి ఎదురుగా వచ్చాక మోకాలు విప్పితే, ముందు నడుం, దాని వేగం తొడకి, తొడ వేగం పిక్కకి, పిక్కది పాదానికి అందుతుంది. ఎద్దులబండి తోలేవాళ్ళ చర్నాకోల చూశారుగా. పిడి దగ్గర చేతి కదలిక జానెడే, కొసన మాత్రం చెళ్ళుమంటుంది. తన్ను కూడా అంతే. నేల మీద నిలిచిన కాలి మడమ తిరగకపోతే నడుం తిరగదు, నడుం తిరగకపోతే చర్నాకోల ఉత్త తాడే.

ఇక దెబ్బ లెక్క. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. ఉదాహరణకి, దెబ్బలో పాల్గొనే కాలి బరువు 5 కిలోలు, వేగం సెకనుకి 10 మీటర్లు అనుకుందాం. గతిశక్తి 250 జౌళ్ళు. పాతిక కిలోల బియ్యం బస్తా మీటరు ఎత్తు నుంచి పడితే ఎంతో, ఇంచుమించు అంత. ఆ కాలు సెకనులో నూరో వంతు కాలంలో ఆగితే సగటు బలం 5,000 న్యూటన్లు. కవచంలోని మెత్తదనం వల్ల ఆగడానికి దానికి రెట్టింపు కాలం పడితే 2,500 న్యూటన్లు. ద్రవ్యవేగం మారలేదు, కాలం పెరిగింది, బలం సగానికి తగ్గింది. గడ్డివామి మీద దూకినవాడు నవ్వుతూ లేవడానికీ, బండ మీద దూకినవాడు కాలు విరగ్గొట్టుకోవడానికీ ఇదే కారణం. కవచం దెబ్బని ఆపదు, దెబ్బకి కొంచెం వ్యవధి ఇస్తుంది, అంతే.

కాటా

తైక్వాండోలో బరువుల ప్రకారం తరగతులుంటాయి. ఒలింపిక్స్‌లో పురుషులకి 58, 68, 80 కిలోల లోపు, ఆపైన. మహిళలకి 49, 57, 67 కిలోల లోపు, ఆపైన. నేను దిగాలనుకున్నది 58 లోపు. పోటీకి వారం ముందు నా బరువు 60 కిలోల 400 గ్రాములు. పైతరగతిలో అందరూ నాకంటే జానెడు పొడుగని భయపడి, ఎలాగైనా బరువు దించాలని పట్టుబట్టాను. మాస్టారు వద్దన్నారు. ఆయనకి చెప్పకుండా అన్నం మానేశాను, చివరి రోజు నీళ్ళూ మానేశాను. పొలంలో మందు కొట్టేటప్పుడు వేసుకోవడానికి కొన్న కొత్త ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తాను.

మా నాన్న చేలో నుంచి చూశాడు. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళుగా కాటా చూసిన మనిషి. “ఎండబెడితే కాయ తేలికవుద్ది, నిజమే. మరి వంచితే విరుగుద్ది గదరా!” అన్నాడు. నేను వినిపించుకోలేదు. మర్నాడు కాటా మీద 57 కిలోల 800 తూగాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను.

నేను పోగొట్టుకున్నది కొవ్వు కాదు, నీళ్ళు. వారంలో రెండున్నర కిలోల కొవ్వు కరగడం అయ్యే పని కాదు. లీటరు నీళ్ళు కిలో బరువు, అది చెమట రూపంలో తొందరగా పోతుంది. కానీ ఆ నీరు ఎక్కడిది? రక్తంలోది, కండల్లోది. రక్తంలో నీరు తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. చెమట పట్టడానికి నీరు చాలకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. కండలు తమ ఇంధనాన్ని నీటితో కలిపి దాచుకుంటాయి. పస్తుంటే ఇంధనం పోతుంది, దాంతోపాటు ఆ నీరూ పోతుంది. ఆ తర్వాత గ్లాసులకొద్దీ నీళ్ళు తాగినా గంటా రెండు గంటల్లో ఆ లోటు తీరదు. మొదటి రౌండు ఎలాగో నెగ్గాను. రెండో రౌండులో కాళ్ళు నావి కావనిపించాయి. మూడోది చెప్పుకోవాల్సింది కాదు. వంచితే కాయ విరిగింది.

గెలుస్తున్న పిల్ల

చిన్నాన్నకి కోతలు ముమ్మరంగా ఉండి రాలేక, “నువ్వున్నావు గదరా, దానికి తోడుండు” అని నాకు అప్పగించాడు. చెల్లెలు మొదటి పోటీ అలవోకగా గెలిచింది. రెండోదాంట్లో మొదటి రౌండు 9–4తో తనదే. రెండో రౌండులో 5–3 మీద ఉండగా ఎదుటి పిల్ల కాలు గిర్రున తిరిగి దీని తలకి ఒక పక్కన తగిలింది. కిందపడలేదు. శిరస్త్రాణం ఉంది. రిఫరీ ఆపి లెక్కపెట్టాడు. ఇది చేతులు పైకెత్తి, బాగానే ఉన్నానంది. ఇంతలో రౌండు మధ్యలో చిన్న విరామం దొరికింది. నీళ్ళ సీసా అందించాను.

“అన్నయ్యా, మన బస్సు ఎన్నింటికి?” అంది.

ఆరింటికని చెప్పాను. మూత బిగించేలోపు మళ్ళీ, “అన్నయ్యా, మన బస్సు ఎన్నింటికి?” అంది.

నాకేమీ అర్థం కాలేదు. పక్కనే ఉన్న మాస్టారికి అర్థమైంది. దాని కళ్ళలోకి చూసి, “ఇప్పుడు ఎన్నో రౌండమ్మా?” అని అడిగారు. “మొదటిది” అంది. ఆయన వెంటనే లేచి చెయ్యెత్తి పోటీ చాలించుకున్నారు. ఇంకో నలభై సెకన్లు గడిస్తే సెమీ ఫైనల్లో ఉండేది. చెల్లెలు ఏడ్చింది. మా పిల్లల్లో కొందరు మాస్టారి మీద అలిగారు. హాలంతా వెతికితే డాక్టరు లేడు. ఉన్నదల్లా నొప్పి తగ్గించే స్ప్రే డబ్బా, ఐసుగడ్డల బకెట్టు. అంతమంది పిల్లలు ఒకరి తలలు ఒకరు తన్నుకునే చోట ఒక్క వైద్యుడూ లేకపోవడం ఏం న్యాయమో నిర్వాహకులే చెప్పాలి. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రమాదమేమీ లేదనీ, తలనొప్పీ తిమ్మిరీ పూర్తిగా పోయి, తాను మళ్ళీ చూసి చెప్పేదాకా ఆట ముట్టుకోవద్దనీ డాక్టరుగారు చెప్పారు.

పెరుగు కుండ

ఇంటికొచ్చాక చిన్నాన్న అగ్గిరాముడయ్యాడు. “గెలుస్తున్న పిల్లని దింపేస్తాడా? రక్తం లేదు, గాయం లేదు! పతకం సంగతి అట్టుంచు, ఆ సర్టిఫికెట్టు ఉంటే రేపు సీటు దగ్గర పనికొచ్చేది గదరా!” అన్నాడు. ఆయన కోపం ఉత్త కోపం కాదు. రెండేళ్ళుగా పంట ధర ఎలా ఉందో మాకందరికీ తెలుసు. ఆ కాగితం మీద ఆయన ఎన్ని ఆశలు పెట్టుకున్నాడో కూడా తెలుసు.

నాకు పాఠం చెప్పడం రాదు. వంటింట్లో పిన్ని తోడుపెట్టిన పెరుగు కుండ కనబడింది. “చిన్నాన్నా, ఈ కుండని నేలకేసి కొట్టను. ఊరికే చటుక్కున మెలితిప్పి ఆపుతాను. కుండకేమవుద్ది?” అన్నాను. “ఏమీ కాదు” అన్నాడు. “పెరుగుకి?” అన్నాను. ఆయన మాట్లాడలేదు. గడ్డపెరుగు విరిగి నీరు తేలుతుందని పాలూ పెరుగూ అమ్మే ఇంట్లో చెప్పక్కర్లేదు.

మెదడు అలాంటిదే. గట్టి పుర్రెలో, నీటి లాంటి ద్రవం నడుమ ఉన్న మెత్తని పదార్థం. పక్కనుంచి తగిలిన తన్నుకి తల గిర్రున తిరిగితే, పుర్రె ముందు తిరుగుతుంది, లోపలి మెదడు జడత్వం వల్ల వెనకబడుతుంది. ఆ తేడా వల్ల మెదడులోని సన్నని నరాల పోగులు సాగి, వాటి పని కాసేపు తడబడుతుంది. శిరస్త్రాణం చర్మం చిట్లకుండా, ఎముక పగలకుండా కాపాడుతుంది. తల మెలితిరగడాన్ని మాత్రం అంతగా ఆపలేదు. కాబట్టి రక్తం రాలేదంటే దెబ్బ తగల్లేదని కాదు. స్పృహ తప్పాలనీ లేదు. అడిగిందే మళ్ళీ అడగడం, తేదీ మరవడం, వెలుతురు భరించలేకపోవడం, తల తిరగడం, వాంతి, ఇవన్నీ గుర్తులే. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మగత కమ్మినా, ఫిట్సు వచ్చినా క్షణం ఆలస్యం చేయకూడదు. అన్నిటికంటే ప్రమాదం, మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగలడం. మాస్టారు ఆపింది ఆ రెండో దెబ్బని.

చిన్నాన్న చాలాసేపు కుండ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున పాలకేంద్రానికి పోతూ మాస్టారి గుమ్మం ముందు ఆగి, ఆయన గిన్నె నిండా పాలు పోసి పోయాడని పిన్ని చెప్పింది.

చివరగా

మన కళాశాలలోనూ కబడ్డీ ఉంది, కుస్తీ ఉంది, మధ్యలో కరాటే తరగతి కూడా నడిచింది. మన వాళ్ళు అంతర్ కళాశాలల పోటీలకి వెళ్ళేటప్పుడు బరువు కోసం పస్తులుండడం, తలకి దెబ్బ తగిలినా ‘మగాడివి, లే’ అని బరిలోకి తోయడం నేను చూశాను. విద్యార్థి సంఘం వారికి నా మనవి రెండు. ఒకటి, ఆటల గదిలో ఒక మంచి కాటా పెట్టించండి. నెల ముందునుంచే ఎవరి బరువు వారికి తెలిస్తే, చివరి వారంలో ఎండబెట్టుకునే పని ఉండదు. రెండు, తలకి దెబ్బ తగిలిన ఆటగాణ్ణి ఆ రోజుకి మళ్ళీ దింపకూడదని నియమం పెట్టండి. దాన్ని ఎవరూ, చివరికి ఆ ఆటగాడైనా సరే, మీరకూడదు.

ఇక, ఎవరినీ తన్నలేదేమని అడిగే మిత్రులకి జవాబు. నాలుగేళ్ళు తన్నడం నేర్చుకున్నాక, తన్ను ఎంత బలమైనదో లెక్క కట్టడం వచ్చింది. లెక్క వచ్చినవాడికి తన్నాలని అంత తేలిగ్గా బుద్ధి పుట్టదు.

కళ్ళంలో కాయలు యార్డుకి వెళ్ళిపోయాయి. పట్టాలు మళ్ళీ పరిచాం. డాక్టరుగారు సరేనన్నాక, చెల్లెలు మొన్న ఆదివారమే సాధన మొదలుపెట్టింది. “అన్నయ్యా, వచ్చే ఏడు పోటీలకి బస్సు ఎన్నింటికి?” అని అడిగి, ఈసారి తనే నవ్వింది.